ఏడు పాయల టోపీ

అంకోనా
1976 సెప్టెంబర్ 20

శ్రీమతి నజ్జరేనా విరిలి గారికి,

కవరు మీద నా పేరు చూసి కూడా చింపకుండా విప్పారంటే, ముందుగా అందుకు కృతజ్ఞతలు. పోయినేడు సాంతె అంత్యక్రియల నాడు చర్చి మెట్ల మీద నేను చెయ్యి చాపితే, చూసి కూడా చూడనట్టు వెళ్లిపోయారు మీరు. ఊరంతా చూసింది. నాకు బాధ వేసింది గాని ఆశ్చర్యం వేయలేదు.

విషయానికి వస్తాను. మీ మోంతెస్పినో చర్చిలో ఎడమ పక్క బలిపీఠం మీదున్న పెద్ద చిత్రం సంగతి. మేరీమాత, ఒడిలో బాలయేసు, ఒక పక్క పునీత లూచీయ, ఇంకో పక్క వీపున గడ్డి టోపీ వేలాడేసుకున్న యాత్రికుడు పునీత రోక్కో. దాన్ని గీసిందెవరో ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు. పేరు తెలియనివాడికి ఊరి పేరు తగిలించడం చిత్రకళ చరిత్ర రాసే మా వాళ్ల అలవాటు కనక పుస్తకాలన్నిటిలో 'మోంతెస్పినో గురువు' అని రాసుకుంటూ వచ్చాం. పోయిన నెల ఫెర్మోలో, పాత నోటరీల దస్తావేజులు దాచిన గదిలో, ఇంకెవరి కోసమో వెతుకుతుంటే ఆయన పేరు నా చేతికి దొరికింది. 1487లో మీ ఊరి భక్తసంఘం రాయించుకున్న ఒప్పందం అది. 'ఈ ఊరివాడే, గడ్డి అల్లే నొఫ్రియో కొడుకు వెంతూరా' అని స్పష్టంగా ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట సాంతె అన్నదీ ఇదే. వెనీసు నుంచి వచ్చిన పెద్ద చిత్రకారుడు కాడు, మన లోయవాడే, బహుశా గడ్డి అల్లే ఇంట్లో పుట్టినవాడు అని. అప్పుడు దాన్ని ఎగతాళి చేస్తూ పత్రికలో రాసింది నేను. మీకు గుర్తు చేయక్కర్లేదు.

వచ్చే ఫిబ్రవరిలో నేను పాత చిత్రాలు చూసుకునే మా ప్రభుత్వ శాఖ నుంచి ఉద్యోగ విరమణ చేస్తున్నాను. ఈలోగా దీన్ని అచ్చు వేయించాలని, ముందు సాంతె పేరు, తర్వాత నా పేరు ఉండాలని నా కోరిక. ఆయన కాగితాలు, ఆ రోజుల్లో రాసుకున్న నోటు పుస్తకాలు మీ దగ్గరుంటే చూడనిస్తారా?

గౌరవంతో,
ఎజీదియో తంబురీని

*

మోంతెస్పినో
అక్టోబర్ 3

డాక్టర్ తంబురీని గారికి,

కాగితాలు లేవు. ఆయన పోయాక బీరువా ఖాళీ చేశాను. బడి పిల్లల బొమ్మలు, పెన్షను కాగితాలు, అరిగిపోయిన రబ్బరు ముక్కలు ఒక డబ్బా నిండా. అంతే.

మీ రాతలు ఈ ఇంటికి రావడం ఇది రెండోసారి. మొదటిది అచ్చులో వచ్చింది. 'టోపీలల్లే ఇంట్లో పుట్టిన సిద్ధాంతం టోపీల సంతలోనే చెల్లుతుంది' అని రాశారు. నేను అయిదో తరగతి చదివాను. కానీ ఆ ముక్క ఒక్కసారే చదివి కంఠతా పట్టాను. ఆ ఇల్లు మాది. మా అమ్మ, మా మేనత్త, నేను గోధుమ గడ్డి నీళ్లలో నానబెట్టి పొద్దస్తమానం అల్లిన ఇల్లు. మీరు కూర్చుని చిక్కుడు సూపు రెండేసి గిన్నెలు తాగిన ఇల్లు కూడా అదే. మా పెళ్లికి సాక్షి సంతకం పెట్టిన చెయ్యీ, ఆ ముక్క రాసిన చెయ్యీ ఒకటే.

ఆ రోక్కో వీపున ఉన్న టోపీ ఏడు పాయలతో అల్లిందని సాంతెకి చూపించింది ఎవరనుకున్నారు? నేను. అప్పటికి మాకు పెళ్లి కాలేదు. పూజ జరుగుతుంటే గుసగుసగా చెప్పాను. 'అది ఏడు పాయల అల్లిక. మన లోయలో తప్ప ఎక్కడా అల్లరు. వెనీసువాడికి ఎలా తెలుస్తుంది?' అని. ఆయన పూజ మధ్యలో లేచి నిలబడి చూశాడు. ఫాదర్ ఆగి మరీ కళ్లెర్ర చేశారు.

పోనీలెండి. మీకు పేరు దొరికింది. సంతోషం. మీ పేరు మీదే వేసుకోండి.

నజ్జరేనా విరిలి

*

అంకోనా
అక్టోబర్ 15

నజ్జరేనా గారూ,

టోపీ సంగతి మీరు చూపించినదని సాంతె నాకు ఎప్పుడూ చెప్పలేదు. తన వ్యాసంలో 'ఈ పని తెలిసిన ఒకరు చెప్పగా' అని మాత్రం రాశాడు. ఆ 'ఒకరు' ఎవరో అడగాలని కూడా నాకు తోచలేదు.

మొన్న మళ్లీ ఫెర్మో వెళ్లాను. చెప్పాలా వద్దా అని వారం రోజులు తర్జనభర్జన పడ్డాను. ఆ గదిలో ప్రతి కట్టలోనూ ఒక చీటీ ఉంటుంది. కట్ట తీసుకున్నవాళ్లు తారీఖు వేసి సంతకం పెట్టాలి. మొదటిసారి నేను పైన ఎవరి సంతకం ఉందో చూసుకోలేదు, కిందనే సంతకం పెట్టేశాను. ఈసారి చూశాను. నా సంతకానికి పైన ఒకే ఒక్క సంతకం ఉంది.

'1953 మార్చి 17. సాంతె విరిలి.'

ఆ పెద్ద 'ఎస్' మెలిక వేసి రాయడం, కింద గీత గీయడం, పొరపాటు పడే ప్రశ్నే లేదు. ఆయన ఆ కట్ట చూశాడు నజ్జరేనా గారూ. నాకన్నా ఇరవై మూడేళ్ల ముందు. ఒప్పందం ఉన్న పేజీ మూలన పెన్సిలుతో సన్నటి చుక్క ఉంది. అది కూడా ఆయనదేనని నా నమ్మకం.

మరి ఎందుకు బయటపెట్టలేదు? ఒక్క ఉత్తరం రాసి నా మొహాన కొడితే నేను తల ఎక్కడ పెట్టుకునేవాణ్ని? రాయలేదు. ఎంత ఆలోచించినా ఒకటే తోస్తోంది. నా రాత ఆయన్ని అంతగా విరిచేసింది. గెలిచాక కూడా గెలిచానని చెప్పుకునే మనసు లేకుండా చేసింది. అవునా? మీరే చెప్పాలి. ఇంకెవరికీ తెలియదు.

ఎజీదియో

*

మోంతెస్పినో
అక్టోబర్ 29

డాక్టర్ గారికి,

మీరు అనుకున్నదే నిజం. మీ రాత చూశాక ఆయన మనిషి మనిషిలా లేడు. ఇంతకన్నా నన్ను అడగకండి.

చలి మొదలైంది. ఆలివ్ కాయలు ఏరుతున్నాం. తీరిక లేదు.

న. విరిలి

*

అంకోనా
నవంబర్ 14

నజ్జరేనా గారూ,

మీ ఉత్తరం ఆరు వాక్యాలే. వాటిని మోస్తూ రెండు వారాలు తిరిగాను. మా ఆవిడ ఉండి ఉంటే 'ఏమిటా మొహం, పుల్లటి ద్రాక్ష నమిలినట్టు' అనేది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. అందుకని మీకే చెప్తున్నాను.

నేను తెలియక రాశానని మీరు అనుకుంటున్నారేమో. అంతమాత్రం మంచితనం కూడా నాకు అంటగట్టకండి.

1948 మే నెలలో, ఆ విమర్శ రాయడానికి రెండు వారాల ముందు, నేను మీ ఊరు వచ్చాను. మీరు మీ చుట్టాలని చూడటానికి పైఊరు వెళ్లారు. సాంతె, నేను చర్చికి వెళ్లాం. గంటలు కొట్టే ముసలాయన దగ్గర నిచ్చెన అడిగి తెచ్చాడు సాంతె. తను కింద పట్టుకుని నన్ను ఎక్కమన్నాడు. 'నేను చెప్తే నమ్మవు. నువ్వే లెక్కపెట్టు' అన్నాడు. నేను ముక్కు చిత్రానికి ఆనేంత దగ్గరగా వెళ్లి లెక్కపెట్టాను. ఏడు. ఒక్కో పాయ కింద నీడ కూడా వేశాడు ఆ మహానుభావుడు. చిన్నప్పటి నుంచీ అల్లిక చూస్తూ పెరిగినవాడి చెయ్యి తప్ప అలా వేయలేదు. ఎక్కణ్నుంచో వచ్చినవాడు టోపీని టోపీలా గీస్తాడు. ఇతను అల్లినట్టు గీశాడు.

కింద నుంచి సాంతె, 'ఎన్ని?' అని అడిగాడు.

'సరిగ్గా కనబడటం లేదు, దుమ్ము పట్టింది' అన్నాను.

నవ్వాడు. 'కళ్లజోడు మార్చుకో నాయనా' అన్నాడు.

అప్పటికే మా ప్రొఫెసర్ లాందుచ్చి గారు ఆ చిత్రం వెనీసువాడిదని పుస్తకం రాసి ఉన్నారు. ఆయన కింద ఒక్క ఉద్యోగం ఖాళీగా ఉంది. నన్ను పిలిచి, 'ఆ ఊరి మేష్టారి వ్యాసానికి ఎవరైనా జవాబు రాస్తే బాగుంటుంది తంబురీని' అన్నారు. రాయమని కూడా అనలేదు. బాగుంటుంది అన్నారంతే. ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. టోపీల సంత మాట కలం కింద నుంచి దానంతటదే వచ్చింది. వచ్చినందుకు మురిసిపోయాను కూడా. జనవరిలో ఉద్యోగం వచ్చింది.

తెలిసి రాశాను. ఆ తర్వాత సాంతె నాకు ఎదురుపడలేదు. నేనే ఎదురుపడకుండా చూసుకున్నాను. మీ ఊరికి వెళ్లే పని ఉంటే కుర్ర అధికారుల్ని పంపేవాణ్ని.

మీరు నా చెయ్యి ముట్టకపోవడం న్యాయమే.

ఎజీదియో

*

మోంతెస్పినో
డిసెంబర్ 5

ఎజీదియో,

నువ్వు అనే రాస్తాను. మా బల్ల దగ్గర కూర్చున్న రోజుల్లో నువ్వు అనేగా పిలిచేదాన్ని. 'మీరు' అనడం నిన్ను గుమ్మం అవతల నిలబెట్టడానికి. ఇంక దానికి నాకు అర్హత లేదు.

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. కోళ్లు బెదిరి పరిగెత్తాయి. తెలిసే రాశావా దరిద్రుడా అని. తర్వాత కుర్చీలో కూలబడ్డాను. ఎందుకంటే నేను నీకు అబద్ధం రాశాను.

సాంతె నీ రాతకి విరగలేదు. నవ్వాడు. ఆ పేజీ కత్తిరించి వంటింట్లో మేకుకి గుచ్చాడు. సూపు బాగా లేకపోతే, 'ఇది సంతలోనే చెల్లుతుంది' అనేవాడు. మండిపోయింది నేను, ఆయన కాదు. 'ఎజీదియో భయస్తుడు నజ్జరే, దుర్మార్గుడు కాదు. పేరు రాసిన కాగితం దొరికితే వాడే ముందు పరిగెత్తుకొస్తాడు' అనేవాడు. ఆ కాగితం కోసం సెలవు దొరికితే చాలు ఫెర్మో బస్సు ఎక్కేవాడు. అయిదేళ్లు తిరిగాడు.

అప్పటికి ఆయనది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఎవరైనా మేష్టారు జబ్బు పడితే ఆ బడికి, ఎవరైనా పంతులమ్మ పురిటికి వెళ్తే ఈ బడికి. 1953 మార్చి పదిహేడున అంకోనాలో పర్మనెంటు పోస్టుకి పరీక్ష. చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. రొట్టె, జున్ను కట్టి ఇచ్చాను. ఆరు గంటల బస్సు ఎక్కించి, మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను.

ఆయన ఫెర్మోలో దిగిపోయాడు.

ఆ గది పైకప్పు బాగుచేయడానికి మర్నాటి నుంచి మూసేస్తారట, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదట. ముందురోజే కబురొచ్చిందట. నాకు చెప్పలేదు. సాయంత్రం అయిదింటికి వచ్చాడు. గుమ్మంలోనే నన్ను నడుం పట్టుకుని గిర్రున తిప్పాడు. నా చేతులనిండా తడి గడ్డి.

'గెలిచాం నజ్జరే! నీ ఏడు పాయలు గెలిచాయి. ఇదిగో, గడ్డి అల్లే నొఫ్రియో కొడుకట! మీ వాడే!'

'పరీక్ష ఎలా రాశావు?' అన్నాను.

కోటు జేబులోంచి కాగితం తీశాడు.

'సాంతె, పరీక్ష ఎలా రాశావు?'

'వచ్చే ఏడు మళ్లీ పెడతారు' అన్నాడు.

ఆయన చేతిలో ఒకటే కాగితం, రెండు వైపులా నిండా రాసింది. లాక్కున్నాను. చదవలేదు. పొయ్యి మూత తీసి అందులో వేసి, మూత పెట్టాను. గడ్డి కోసి కోసి పగిలిన నా వేళ్లు ఆయన మొహం ముందు పెట్టి, 'చచ్చి అయిదొందల ఏళ్లయినవాడి పేరు తెచ్చావు, బతికున్నదాని కోసం ఏం తెచ్చావు?' అన్నాను.

ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండేది. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. కూర్చుని, 'సూపులో ఉప్పు వేశావా?' అని అడిగాడు. తాగాడు. మర్నాడు మేకుకి ఉన్న నీ పేజీ తీసేశాడు. వచ్చే ఏడు పరీక్ష రాశాడు, ప్యాసయ్యాడు. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పాడు. నాతో ఒక్క పరుషమైన మాట అనలేదు. ఆదివారం నాతోబాటు పూజకి వచ్చేవాడు, కుడి పక్క బల్లల మీదే కూర్చునేవాడు. ఎడమ పక్కకి తల తిప్పేవాడు కాదు.

కాల్చిన సంగతి కాదు ఎజీదియో నన్ను తినేస్తున్నది. కోపంలో ఎవరైనా కాలుస్తారు. ఆ గది ఏడాది తర్వాత మళ్లీ తెరిచారు. బస్సు మంగళవారం, శుక్రవారం ఉండేది. ఆయన మళ్లీ వెళ్లి రాసుకు రావచ్చు. ఎందుకు వెళ్లలేదు? నా నోటి నుంచి ఒక్కమాట కోసం చూశాడు. 'వెళ్లు సాంతె' అంటే చాలు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. మొదటి ఏడు కోపంతో అనలేదు. రెండో ఏడు సిగ్గుతో అనలేదు. ఆ తర్వాత అనకపోవడమే అలవాటైపోయింది.

చర్చి మెట్ల మీద నువ్వు చెయ్యి చాపినప్పుడు ఊరంతా నిన్ను చూసి, 'అదిగో, మేష్టార్ని మట్టిలో కలిపినవాడు' అనుకున్నారు. అనుకోనిచ్చాను. నాకు ఎంత హాయి అనిపించిందో.

నజ్జరేనా

*

అంకోనా
డిసెంబర్ 19

నజ్జరేనా,

మీ ఉత్తరం చదివాక నా బరువు కొంత దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఆయన నన్ను భయస్తుడన్నాడని తెలియడం ఇంకా కష్టంగా ఉంది. దుర్మార్గుడన్నా తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. పత్రిక సంపాదకుడితో మాట్లాడాను. కనుగొన్నవాడు సాంతె విరిలి అని వేయాలన్నాను. ఆయన ఒప్పుకోవడం లేదు. 'కట్టలో ఎనిమిది వందల కాగితాలు. ఆయన కట్ట తీసుకున్నాడని చీటీ చెప్తోంది, ఆ పేజీ చదివాడని ఎవరు చెప్తారు? పెన్సిలు చుక్క సాక్ష్యమా?' అన్నాడు. ఆయన అన్నదీ సబబే.

చెప్పగలిగినవాళ్లు మీరొక్కరే. ఆ రోజు ఆయన ఆ పేరు ఇంటికి తెచ్చాడని, ఆ కాగితం ఏమైందో, మీ చేత్తో రాసి, మీ ఫాదర్ సాక్షి సంతకంతో పంపాలి. అచ్చులో వస్తుంది. ఊళ్లో తెలుస్తుంది. మిమ్మల్ని బలవంతం చేయను. మీరు పంపితే దాని పక్కన నా వాంగ్మూలం కూడా వేయిస్తాను. నిచ్చెన ఎక్కి ఏడు లెక్కపెట్టి, తెలిసి తప్పు రాశానని. ఇది నా మాట.

ఎజీదియో

*

మోంతెస్పినో
1977 ఫిబ్రవరి 2

ఎజీదియో,

నెలన్నర పట్టింది. రాయడం రాక కాదు. కలం పట్టుకున్నప్పుడల్లా మా ఆడపడుచు లీబెరా కళ్ల ముందు నిలబడేది. సాంతె అక్క. నన్ను ఇన్నేళ్లూ 'మా తమ్ముడికి దొరికిన దేవత' అని ఊళ్లో చెప్పుకునే మనిషి. పత్రికలో చదివితే ఏమంటుంది?

అందుకని నిన్న నేనే వెళ్లి చెప్పేశాను. ఆవిడ ఎండు చిక్కుళ్లు ఒలుస్తోంది. అంతా విని, గిన్నె పక్కన పెట్టి, 'వాడు ఆ చిత్రం జోలికి ఎందుకు పోవడం లేదని ఎన్నిసార్లు అడిగానో. ప్రతిసారీ, విసుగొచ్చిందక్కా అనేవాడు' అంది. ఏడ్చింది. నన్ను వెళ్లమనలేదు, ఉండమనలేదు. నా కాఫీ చల్లారిపోయింది.

ఇవాళ కొవ్వొత్తుల పండగ. పూజ అయ్యాక ఫాదర్ గయెతానో గదిలో కూర్చుని రాసి, ఆయన ముందే సంతకం పెట్టాను. 'నజ్జరేనా, బాగా ఆలోచించుకున్నావా?' అన్నారు. 'ఇరవై నాలుగేళ్లు ఆలోచించాను ఫాదర్' అన్నాను. రిజిస్టర్డు పోస్టులో పంపుతున్నాను. అందగానే రాయి.

నజ్జరేనా

*

అంకోనా
ఏప్రిల్ 9

నజ్జరేనా,

రెండు నెలలు మీకు జవాబు రాయలేదు. ఎందుకో చెప్తాను. చదివాక ఈ కాగితం ఏం చేసినా మీ ఇష్టం.

మీ వాంగ్మూలం ఫిబ్రవరి అయిదున అందింది. చదివాను. నా టేబులు సొరుగులో పెట్టాను. ఇరవై ఆరున నా ఉద్యోగ విరమణ సభ. మేయరు, బిషప్పు, పాత శిష్యులు, రోము నుంచి పెద్దవాళ్లు. లాందుచ్చి గారి కూతురు కూడా వస్తానని రాసింది. మీ వాంగ్మూలం పంపితే నాదీ పంపాలి. అది సభకి ముందే నలుగురి నోళ్లలో పడుతుంది. ఆ సభ ఒక్కటీ అయిపోనీ, మూడు వారాల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాను. ప్రతి పొద్దున్నా సొరుగు తీసి చూసేవాణ్ని. అది అక్కడే ఉండేది. మూసేవాణ్ని.

సభ ఘనంగా జరిగింది. పతకం ఇచ్చారు. నిజాయితీ అనే మాట నా గురించి ముగ్గురు వాడారు.

ఇరవై ఎనిమిదిన రెండు వాంగ్మూలాలూ తీసుకుని సంపాదకుడి దగ్గరికి వెళ్లాను. ఆయన బల్ల మీద వేరే పత్రిక ఒకటి ఉంది. ముందురోజే వచ్చిందట. బొలోన్యాలో ఒర్నెల్లా గువలాంది అనే అమ్మాయి, ముప్పై ఏళ్లు ఉంటాయేమో, మీ భక్తసంఘం లెక్కల పుస్తకం ఇంకో చోట పట్టుకుంది. అందులోనూ అదే పేరు. 'మోంతెస్పినో గురువు ఎవరంటే వెంతూరా ది నొఫ్రియో.' మంచి వ్యాసం. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

సాంతె గురించి ఒక్క వాక్యం ఉంది, కింద చిన్న అక్షరాల్లో. 'స్థానిక ఉపాధ్యాయుడొకరు 1948లో ఇలాగే ఊహించారు గాని ఆధారం చూపలేదు. తంబురీని విమర్శ చూడుడు.' పేరు కూడా లేదు. ఉన్న పేరు నాది.

మీ ఉత్తరం వచ్చిన రోజే పంపి ఉంటే మన పత్రిక ఫిబ్రవరి సంచికలో వచ్చేది. ఆ అమ్మాయిదానికన్నా వారం ముందు. సంపాదకుడే చెప్పాడు, ఊరికే, మాటవరసకి. ఇప్పుడు మన రెండు వాంగ్మూలాలూ శరదృతువు సంచికలో చివరి పేజీల్లో వేస్తాడట. ఆ అమ్మాయికి కూడా రాశాను. మర్యాదగా జవాబిచ్చింది. పుస్తకంగా వేసినప్పుడు చేరుస్తానంది.

మీరు ఊరి ముందు తల దించుకోవడానికి సిద్ధపడి సంతకం పెట్టారు. నేను మూడు వారాల పరువు కోసం దాన్ని సొరుగులో పెట్టాను. సాంతె చెప్పింది అక్షరాలా నిజం. భయస్తుణ్ని. అప్పుడు ఉద్యోగం కోసం అనుకునేవాణ్ని. ఇప్పుడు నాకు ఉద్యోగం కూడా లేదు.

ఎజీదియో

*

మోంతెస్పినో
జూన్ 20

ఎజీదియో,

నీ ఉత్తరం వచ్చాక ఏప్రిల్ అంతా, మే అంతా నీకు రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో నీకూ తెలుసు. చచ్చేదాకా నీ మొహం చూడకూడదనుకున్నాను. లీబెరాకి చెప్తే, 'వాణ్ని ఆ నిచ్చెన మీద నుంచే తోసేయాల్సింది సాంతె' అంది. ఇద్దరం చాలాసేపు తిట్టుకున్నాం నిన్ను. తిట్లు అయిపోయాక ఆవిడ నా వైపు చూసింది. నాకు అర్థమైంది. నువ్వు ఇరవై మూడు రోజులు దాచావు. నేను ఇరవై రెండేళ్లు నోరు మూసుకున్నాను.

ఇక్కడి సంగతులు చెప్తాను. ఫాదర్ గయెతానో చిత్రం పక్కన అట్ట పెట్టించారు. 'వెంతూరా ది నొఫ్రియో, 1487' అని. పేపర్లో పడేసరికి ఆదివారాలు బస్సుల్లో జనం వస్తున్నారు. వంతెన దగ్గర కొట్టువాడు దానికి వెంతూరా బార్ అని పేరు మార్చాడు. వెంతూరా ఏం తాగేవాడో వీడికెలా తెలుసు అని నవ్వుకున్నాం.

నిన్న కాక అంతకుముందు ఆదివారం పూజ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. నేను లేచి, ఏమనుకున్నానో ఏమో, ఎడమ పక్కకి వెళ్లాను. 1953 తర్వాత ఇదే మొదటిసారి. అక్కడ ఫెర్రారా నుంచి వచ్చిన మొగుడూపెళ్లాలు ఉన్నారు. ఆయన లారీ డ్రైవరట, లావుపాటి మనిషి, చెమట తుడుచుకుంటూ అట్ట చదువుతున్నాడు.

'అయిదొందల ఏళ్లు పేరు తెలియకపోవడమేమిటి? ఎవరు కనిపెట్టారంటావు?' అన్నాడు పెళ్లాంతో.

'బొలోన్యా అమ్మాయట. పేపర్లో వేశారుగా' అందావిడ.

నా నోరు దానంతటదే తెరుచుకుంది. 'కాదు. మా ఆయన' అన్నాను.

ఇద్దరూ తిరిగి చూశారు. ముసలిదానికి మతి చెడిందనుకున్నారు, కనబడుతూనే ఉంది. ఆయన మర్యాదకి, 'అలాగా అమ్మా? మరి ఎక్కడా రాయలేదే?' అన్నాడు.

'రాసుకొచ్చాడు. నేను కాల్చేశాను.'

లారీ డ్రైవరు చేతిలో రుమాలు అలాగే ఉండిపోయింది. టోపీ సర్దుకున్నాడు, చర్చిలో ఉన్నానని గుర్తొచ్చి తీసేశాడు. ఆవిడ మాత్రం బల్ల మీద ఉన్న సంచీ ఒళ్లోకి తీసుకుని జరిగింది. 'కూర్చోండి. ఆయన ఎలా ఉండేవారు?' అని అడిగింది.

ఎజీదియో, ఆయన పోయాక ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఎలా పోయారని అడిగారు, ఎంత పెన్షను వస్తుందని అడిగారు. ఎలా ఉండేవాడని అడగలేదు. ఊళ్లో అందరికీ తెలుసుగా, ఎందుకడుగుతారు?

చెప్పాను. చెవులు పెద్దవి, చలికి ఎర్రగా అయిపోయేవని. పాట వచ్చేది కాదు, అయినా గొంతెత్తి పాడేవాడని. పిల్లలకి చెయ్యి గీయడం నేర్పేటప్పుడు తన చెయ్యి బల్ల మీద పెట్టి గంటసేపు కదిలేవాడు కాదని, ఈగ వాలినా తోలేవాడు కాదని. పొయ్యి సంగతి కూడా చెప్పాను, అంతా. ఆవిడ నన్ను ఓదార్చలేదు. అందుకే చెప్పగలిగాను. గంటలు కొట్టేవాడు తాళాలు గలగలలాడించేదాకా కూర్చున్నాం. వాళ్ల బస్సు తప్పిపోయేది కొంచెంలో.

నిన్న మళ్లీ వెళ్లాను. మాచెరాతా నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. ఆవిడా అడిగింది, చెప్పాను. వచ్చే ఆదివారం కూడా వెళ్తాను. మీ పత్రిక చివరి పేజీలు ఎంతమంది చదువుతారో నాకు తెలియదు. నేను మాత్రం ఒక్కొక్కరికీ చెప్తాను. నడిచి అక్కడిదాకా వెళ్లగలిగినన్నాళ్లు.

ఒక విషయంలో నాకు చిక్కు వస్తోంది. చదువుకునే రోజుల్లో ఆయన ఎలా ఉండేవాడని పంతులమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. మీరిద్దరూ ఊర్బీనోలో కలిసి చదువుకున్న రోజులు నాకు తెలియవు. ఆయన ఎప్పుడూ కొసరి కొసరి చెప్పేవాడు, నేను అల్లిక మీద ధ్యాస పెట్టి సగం వినేదాన్ని. అది చెప్పాల్సింది నువ్వు.

నిన్ను క్షమించానని రాయడం లేదు. నువ్వు నన్ను క్షమించానని రాయకు. అది మనిద్దరిలో ఎవరి చేతుల్లోనూ లేదు, ఉన్నవాడు కొండ మీద శ్మశానంలో ఉన్నాడు. కానీ ఆదివారం పూజ పదకొండింటికి అయిపోతుంది. జనం ఆ తర్వాతే వస్తారు. వచ్చి నా పక్కన కూర్చో. నీ వంతు నువ్వు చెప్పు.

నజ్జరేనా